బిక్షమన్న గాడిద అయిన తీరు

పోయిన నెల మిర్యాలగూడలో, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఒక ముసలాయన నన్ను చూసి "మా రాణి వచ్చిందే!" అని గల్లీ అంతా వినపడేలా కేక పెట్టాడు. నాకు అరవై ఎనిమిదేళ్లు. బట్టతల, షుగరు, ముందుకు తోసుకొచ్చిన పొట్ట. ఎదురింటి అరుగు మీద మిరపకాయల తొడిమెలు తీస్తున్న ఇద్దరు ఆడవాళ్లు చేతులాపి, నా వెనక ఎవరైనా ఆడమనిషి వస్తున్నదేమోనని తొంగి చూశారు. ఎవరూ లేరు. ఆ రాణిని నేనే.

నేను మిర్యాలగూడ వెళ్లింది మా బంధువుల రైస్ మిల్లులో కొత్త యంత్రాల పూజకు. అక్కడ బస్తాలు మోసే మనుషులే కనిపించలేదు. నల్లటి రబ్బరు పట్టా మీద బస్తాలు వాటంతటవే వరుసగా నడిచిపోతున్నాయి. వాటిని చూస్తూ నిలబడితే, వీపు మీద నిండు బస్తా పెట్టుకుని కూడా ఎవరినో ఒకరిని నవ్విస్తూ నడిచే మనిషి ఒకడు గుర్తుకొచ్చాడు. అక్కడి ముసలి గుమాస్తాను అడిగాను, సూర్యాపేట హమాలీ బిక్షమయ్య అని ఎవరైనా తెలుసా అని. "నాటకాల బిక్షమయ్యనా? ఈన్నే ఉంటడు గదా, బిడ్డ ఇంట్ల. రెండు గల్లీలు దాటితే ఇల్లొస్తది" అన్నాడు. ప్రసాదం పొట్లం చేతిలో ఉండగానే బయలుదేరాను. ఒకే జిల్లా మనుషులుగా బతికి, గంట ప్రయాణం దూరంలో ఉండి, ఇన్నేళ్లు ఆయనను చూడకుండా ఎలా ఉన్నానో నాకే తెలియదు. దుకాణం, పిల్లలు, వాళ్ల చదువులు అని ఏవేవో చెప్పుకోవచ్చు. ఏదీ సరైన జవాబు కాదు.

మా ఇల్లు సూర్యాపేటలో ముందు ధాన్యం దుకాణం, వెనక కాపురం. వడ్ల దుమ్ము, బెల్లం, ఎండుమిర్చి, కొత్త గోనె సంచులు, ఇవన్నీ కలిసిన ఒక వాసన మా ఇంట్లో ఎప్పుడూ ఉండేది. బట్టల పెట్టెలో ఉండేది, అన్నంలో ఉండేది, కాలేజీలో నా పక్కన కూర్చున్నవాళ్లకు కూడా తెలిసేది. మా నాయన తెల్లవారకముందే లేచి దుకాణం చెక్కలు ఒక్కొక్కటే తీసి, త్రాసు తడిగుడ్డతో తుడిచి, ఊదుబత్తి వెలిగించేవాడు. అది వెలిగేదాకా ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు. తుమ్ము వస్తే మేం పెరట్లోకి పరుగెత్తేవాళ్లం. ఆయన తక్కువ మాట్లాడేవాడు. పైకి నవ్వగా నేను చూడలేదు. నవ్వు రావలసిన చోట భుజం మీది కండువా తీసి, దులిపి, మళ్లీ వేసుకునేవాడు. ఆయన నవ్వు అదేనని అమ్మ చెప్పేది. అమ్మ రోజూ పొద్దున పది దాటగానే పెద్ద కుండనిండా చల్ల చేసి, ఉప్పు, కరివేపాకు, దంచిన అల్లం వేసి హమాలీల కోసం దుకాణం వెనక చూరు కింద పెట్టేది. బిక్షమన్న నా జ్ఞాపకంలోకి మొదట వచ్చేది ఆ చూరు కిందికే, చల్ల లోటాతో.

ఆయనది పెన్‌పహాడ్ దిక్కు పల్లె. అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, మెడ మాత్రం దున్నపోతు మెడ. చల్ల తాగి, మూతి తుడుచుకుని, మిగతా హమాలీలు బీడీలు ముట్టించేలోగా ఆయన మొదలుపెట్టేవాడు. హుజూర్‌నగర్ బస్సు కండక్టరు కిక్కిరిసిన బస్సులో టికెట్లు కొట్టే తీరు. ఆత్మకూరు నుంచి వచ్చిన రైతు ధర విని నమ్మలేక రెండోసారి అడిగే తీరు. మా నాయన లోపల భోంచేస్తున్నాడని నిశ్చయం చేసుకున్నాక, కండువా దులిపే తీరు. గొంతు పెద్దగా మార్చేవాడు కాదు. ఎక్కడో మెడలో, నడుములో ఏదో ఒకటి కాస్త సర్దుకునేవాడు, అంతే, అక్కడ బిక్షమన్న ఉండేవాడు కాదు.

నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో మా కాలేజీలో మాధవరావు సారని ఇంగ్లీషు చెప్పేవాడు. కోదాడ మనిషి. ఎక్కడో చల్లటి దేశంలో ఎప్పుడో పుట్టిన ఒక హాస్య నాటకాన్ని ఆయన తెలుగులోకి తెచ్చి వార్షికోత్సవానికి ఆడించాలనుకున్నాడు. అడవిలో గంధర్వుల రాజుకూ రాణికీ తగాదా వస్తుంది. రాజు కోపంతో నిద్రపోతున్న రాణి కళ్ల మీద ఒక పువ్వు రసం పిండిస్తాడు. లేవగానే ఎవరు కనిపిస్తే వారి మీదే ఆమె మనసు పడుతుంది. అదే అడవికి వచ్చిన బడాయి మల్లయ్య అనే వాగుడుకాయకు ఒక తుంటరి గంధర్వుడు మంత్రం వేసి గాడిద తల తెప్పిస్తాడు. రాణి లేచి చూసేది వాణ్నే. ఆ వాగుడుకాయకు తాను గాడిదనయ్యానని తెలియదు, రాణికి వాడు గాడిదలా కనపడడు. తమాషా అంతా అందులోనే ఉంది.

సన్నగా, మీసం సరిగా రాని వాణ్ని కనుక రాణి వేషం నాకు పడింది. మల్లయ్య వేషానికి మాత్రం కాలేజీలో ఎవడూ కుదరలేదు. ఒక పొద్దున సారు బియ్యం కోసం మా దుకాణానికి వచ్చి, చూరు కింద బిక్షమన్న కండక్టరు అవుతుండగా చూసి, సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏమయ్యా, మా నాటకంలో వేషం వేస్తావా?" అని అడిగాడు.

"నాకు సదువు రాదు సారూ."

"చదివేది నేను, చేసేది నువ్వు. చేస్తావా లేదా చెప్పు."

బిక్షమన్న నా వైపు చూశాడు. "చిన్న సేటు గూడ ఏస్తున్నడా? అయితే వస్త" అన్నాడు.

సాయంత్రాలు మార్కెట్ పని ముగించుకుని, వడ్ల దుమ్ము దులుపుకుని కాలేజీకి వచ్చేవాడు. సారు ఒకసారి చదివితే ఆయనకు వచ్చేసేది. నాకు పది రోజులకు కూడా రాలేదు. మల్లయ్యకు తల ఒకటి తయారైంది, వెదురు బద్దల మీద కాగితం గుజ్జు మెత్తి, పైన గోనెగుడ్డ అంటించి, రెండు మూరల చెవులు పెట్టి. మంత్రం పడగానే బిక్షమన్న గుడ్డ మీద గీసిన చెట్టు వెనక్కి పోయి, ఆ తల తగిలించుకుని వచ్చేవాడు. అమ్మ నాయనకు తెలియకుండా తన గద్వాల చీర నాకిచ్చి, కుచ్చెళ్లు పెట్టుకోవడం వంటింట్లో నేర్పింది. నేర్పుతూ నవ్వు ఆపుకోలేక కళ్లనీళ్లు పెట్టుకుంది.

సూర్యాపేటలో నాటకం బ్రహ్మాండంగా నడిచింది. ఆ తల కనపడగానే జనం లేచి నిలబడి నవ్వారు. ఆ నవ్వులో ఆయన మాట ఒక్కటి కూడా వినపడలేదు. వినపడాలని ఎవరూ అనుకోలేదు కూడా. మర్నాటి నుంచి ఆయన పేరు గాడిద బిక్షమయ్య. మార్కెట్‌లో బస్తా ఎత్తితే చాలు, ఎవడో ఒకడు ఓండ్ర పెట్టేవాడు. ఆయన కూడా రెండు రోజులు నవ్వాడు. మూడో రోజు నుంచి నవ్వలేదు.

కొడుకు చీర కట్టాడన్న సంగతి నాయనకు ఎవరో చేరవేశారు. ఆయన నన్నేమీ అనలేదు. ఒక పొద్దున దుకాణం నిండా మనుషులున్నారు. బిక్షమన్న లారీ నుంచి బస్తా తెచ్చి లోపల దించుతున్నాడు. నాయన గద్దె మీది నుంచి, "గాడిదకు గాడిద ఏషమే దొరికింది. తల ఒక్కటి పెట్టుకుంటే సరిపాయె, మిగతాదంతా ఉన్నదే" అన్నాడు. ఎప్పుడూ హాస్యమాడని మనిషి ఆడేసరికి అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. నాయన నా వైపు చూస్తున్నాడన్న భయానికి నవ్వానా, మాట నిజంగానే నవ్వు తెప్పించిందా, ఇప్పటికీ విడదీసి చెప్పలేను. బిక్షమన్న బస్తా దించి, నడుము నిటారుగా చేసి, మా అందరినీ ఒకసారి చూశాడు. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని ఇంకో బస్తా కోసం పోయాడు.

ఆ తరువాత మూడు రోజులు ఆయన కాలేజీకి రాలేదు. ఆదివారం కోదాడలో ఆట ఉంది. సారు సొంత ఊరు కావడంతో అక్కడి కుర్రవాళ్లు పిలిచారు. ఆ తరువాత వారం మిర్యాలగూడలో. శుక్రవారం సారూ నేనూ కలిసి బిక్షమన్న ఇంటికి వెళ్లాం. మట్టి గోడల ఇల్లు, ఎర్రమన్నుతో అలికి, సున్నంతో అంచులు దిద్ది ఉంది. ఆయన భార్య సాయమ్మ పొయ్యి మీద జొన్నరొట్టె కాలుస్తోంది. మమ్మల్ని చూసి రొట్టె తిప్పడం ఆపలేదు.

"మీకేమన్న మంచిగున్నదా సారూ?" అంది. "పొద్దంత గాడిద తీర్గ మోస్తడు. సాయంత్రం కూడ గాడిదేనా? నా బిడ్డ బడికి పోతే గాడిద బిడ్డ అంటున్రు. మీ పిల్లలకు ఏసుండ్రి ఆ ఏషం, సూద్దాం."

సారు చదువుకున్న మనిషి, ఎక్కడికైనా వెళ్లి ఉపన్యాసం ఇవ్వగలడు, ఆ పొయ్యి ముందు మాత్రం తల వంచుకుని నిలబడ్డాడు. "నువ్వన్నది నిజమేనమ్మా. నాకు తోచలేదు. ఆట మానేద్దాం" అన్నాడు.

అప్పుడు లోపలి నుంచి బిక్షమన్న వచ్చాడు. "ఎందుకు మానుడు సారూ? వస్త. గని ఆ తలకాయ నాకొద్దు" అన్నాడు.

"తల లేకుండా ఎలాగయ్యా? మారినట్టు జనానికి ఎలా తెలుస్తుంది?"

"తలకాయ ఏస్కుంటే ఎవడైనా గాడిదనే. రేపు మీరేస్కున్నా మీరే గాడిద. లోపల నేను ఏడ్సినా నవ్వినా ఎవడికి తెల్వది. నేను అందరి ముందట్నే మారుత. చెట్టు ఎనకకు పోను. తెల్వకపోతే నన్ను దింపేయుండ్రి."

సాయమ్మ రొట్టె పెనం మీది నుంచి తీసి ఆయన ముందు పెట్టింది. సారు దారి పొడుగునా, ఇది కుదరదు, ఇది కుదరదు అనుకుంటూనే నడిచాడు.

కోదాడలో మా మేనమామ ఇల్లు ఉండేది. ఆ పేరు చెప్పి అమ్మ నన్ను పంపింది. బడి ఆవరణలో బల్లలు కలిపి కట్టిన అరుగు, పొద్దు గుంకుతున్న వేళ, ముందు వరసల్లో చాపల మీద పిల్లలు. మంత్రం పడే సమయానికి నేను, రాణిని, అరుగు మీద పక్కకు తిరిగి నిద్రపోతూ ఉండాలి. కళ్లు మూసుకోవాలి. మూసుకోలేదు. రెప్పల సందు నుంచి చూస్తూనే ఉన్నాను. ఆ మార్పును నాకన్నా దగ్గరగా చూసినవాళ్లు ఎవరూ లేరు.

మల్లయ్య బడాయిలు కొట్టుకుంటున్నాడు. మాట మధ్యలో ఎడమ భుజం మీద ఈగ వాలినట్టు అక్కడి చర్మం ఒక్కటే గబుక్కున వణికింది. చెయ్యి కదలలేదు. మాట ఆగలేదు. చాప మీద ఒక పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. మళ్లీ వణికింది, ఈసారి మెడ దగ్గర. కింది పెదవి కొంచెం బరువెక్కి వేలాడింది. మెడ ముందుకు సాగి, చూపు రెండు కళ్లలోంచి రెండు పక్కలకు పోయింది. కాళ్లు రెండే ఉన్నాయి, కానీ బరువు నాలుగు కాళ్ల మీద పడ్డట్టు నిలబడ్డాడు. "నా అసొంటి మొగోడు ఈ మూడూళ్లల్ల..." అంటున్నవాడి 'ఊళ్లల్ల' పొడుగై, విరిగి, పైకి లేచి ఓండ్ర అయిపోయింది. అయినా మల్లయ్యకు తెలియదు. తన గొంతు బాగుందని మెచ్చుకుంటూ ఇంకా గొప్పలు చెబుతూనే ఉన్నాడు. తల లేదు, చెవులు లేవు, తోక లేదు. కోదాడ జనం విరగబడి నవ్వారు, కానీ ఈసారి మాట కోసం మధ్య మధ్య ఆగి, చెవులు పెట్టి విని, మళ్లీ నవ్వారు.

నేను లేచి, మనసు పారేసుకుని, నేర్చుకున్న ప్రకారం అడిగాను: "ప్రాణనాథా, నీకేం కావాలి? మణులా, మాన్యాలా, అమృతమా?" దానికి ఆయన కొత్త తవుడు, పాత గడ్డి అంటూ పెద్ద జాబితా చదవాలి. చదవలేదు. కాసేపు నన్నే చూశాడు. "ఏమొద్దు రాణీ. ఒక్క గంట కూసుంట. గా గంటసేపు నా ఈపు మీద ఎవడు ఏం పెట్టకుండ్రి" అన్నాడు.

చాపల మీది పిల్లలు కూడా నవ్వడం ఆపి ఆయననే చూశారు. నేను ఆయన మెడలో పూలదండ వేయాలి. దండ వేస్తుంటే చేతికి ఆయన మెడ వెనక భాగం తగిలింది. ఏళ్ల తరబడి బస్తాలు ఒరుసుకుని కాయ కట్టి, మా ఇంటి తిరగలి పిడిలా నున్నగా, గట్టిగా ఉంది. ఆ మెడ మీదికి బస్తాలు ఎక్కింది మా దుకాణంలోనే. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. కాటుక కారి చీర మీద పడింది. రాణి ప్రేమలో ఏడుస్తున్నదనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం నా చెవి దగ్గర మెల్లగా, "మాట చెప్పు చిన్న సేటు, మర్సినవా?" అని, వెంటనే భుజం ఒకసారి వణికించాడు. నవ్వులు మళ్లీ మొదలయ్యాయి. ఆట నిలబడింది.

మిర్యాలగూడ ఆట ఒక మిల్లు ఆవరణలో జరిగింది. వడ్లు ఉడికిన ఆవిరి వాసన, ఊక పొగ, ముందు వరసలో మిల్లుల యజమానులు. వాళ్లందరితో మా నాయనకు వ్యాపారం, పిలిస్తే రాననలేడు. చీరలో ఉన్న కొడుకును చూస్తూ రెండు గంటలు కూర్చున్నాడు. మర్నాడు ఊదుబత్తి వెలిగించి, బేరాలు మొదలుకాకముందే, "బిక్షమయ్యా, ఇటు రా. కూసో" అన్నాడు. గద్దె అంచు చూపించాడు. అక్కడ హమాలీ ఎవరూ అంతకుముందు కూర్చోలేదు. బిక్షమన్న నిలబడే ఉన్నాడు.

"కూసోమంటున్న గదా. ఒకటి అడుగుత. ఆ చెవులు ఎట్ల కదిలిచ్చినవ్?"

"చెవులా సేటు? నేను చెవులు కదిలియ్యలే."

"నేను సూసిన. ఇంతింత పొడుగు. రెండు చెవులు ఎనక్కి పోయినయ్."

బిక్షమన్న అప్పుడు కూర్చున్నాడు. "నాకు చెవులెక్కడియి సేటు? మీరు సూసిండ్రు, గంతే" అన్నాడు.

నాయన కండువా తీసి దులిపి వేసుకున్నాడు. మన్నించమని ఆయన అడగలేదు. ఆ తరం మనుషులకు ఆ మాట నోటికి రాదు. కానీ ఆ తరువాత మా దుకాణంలో ఎవరూ బిక్షమన్నను ఆ పేరుతో పిలవలేదు. ఒకరిద్దరు పిలవబోతే నాయన త్రాసు ఆపి వాళ్లను చూసేవాడు, చాలు. కొన్నేళ్లకు బిక్షమన్న కూతుర్ని మిర్యాలగూడ ఇచ్చి, తానూ అక్కడి మిల్లుకు మారిపోయాడు. సారు బదిలీ అయి వెళ్లి, ఎక్కడో కన్నుమూశాడు. నాయన దుకాణం నా చేతికొచ్చింది.

ఇప్పుడు బిక్షమన్న మోకాళ్లు పనిచేయవు. ప్లాస్టిక్ కుర్చీలో, ఎండుటాకులా అయిపోయి కూర్చున్నాడు. మెడ మాత్రం అదే మెడ. సాయమ్మ నాకు చాయ్ ఇచ్చి, "ఇంత లావైతె ఎట్ల చిన్న సేటూ? ఇగ చీర సరిపోదు" అంది. ఆయన మునిమనవరాలు, ఆరేళ్ల పిల్ల, ఫోను తెచ్చి తాత మొహానికి ఎదురుగా పట్టింది. క్షణంలో తెర మీద ఆయనకు పొడుగు చెవులు మొలిచాయి, ముట్టె మొలిచింది. తల తిప్పితే చెవులూ తిరుగుతున్నాయి. పిల్ల పకపకా నవ్వుతోంది. మేం వెదురు, గోనెగుడ్డతో నెల రోజులు తంటాలుపడి చేసింది ఇప్పుడు వేలు తగిలితే అయిపోతుంది. రోడ్లు పెద్దవయ్యాయి, బస్తాలు వాటంతటవే నడుస్తున్నాయి, మనుషుల మెడలకు ఆ కాయలు లేవు. ఇవన్నీ మంచివే, కాదనను. బిక్షమన్న తెర వంక చాలాసేపు శ్రద్ధగా చూశాడు, తోటి నటుణ్ని చూసినట్టు. "చెవులైతే మంచిగొచ్చినయ్ బిడ్డా. గాడిదనే రాలే" అని ఫోను తిరిగిచ్చేశాడు.

పిల్ల ఆడుకోవడానికి వెళ్లిపోయాక, యాభై ఏళ్ల నుంచి నోట్లో నానుతున్న మాట బయటికొచ్చింది. "అన్నా, ఆ రోజు దుకాణంల మా నాయన అన్నప్పుడు నేను గూడ నవ్విన" అన్నాను.

"తెల్సు. సూసిన" అన్నాడు. కొంచెంసేపు తన మోకాళ్లు నిమురుకున్నాడు. "అందరు నవ్విండ్రు, నాకేమనిపియ్యలే. నువ్వు నవ్వితే అనిపిచ్చింది. రోజు నా పక్కన నిలబడి ఆట ఆడే పిల్లగాడు, గీనికే నేను కానొస్తలేనంటే ఇగ ఎవనికి కానొస్త? గందుకే గా తలకాయ వద్దన్న."

ఆయన నా ముంజేయి పట్టుకున్నాడు. పట్టు ఇంకా హమాలీ పట్టే. "పో ఇగ, సూర్యాపేట బస్సుకు యాళ్లయితున్నది" అన్నాడు, చెయ్యి మాత్రం వదలలేదు. ఆ బస్సు పోనిచ్చాను. దాని వెనక వచ్చిన దాన్ని కూడా పోనిచ్చాను.